షెడ్యూలు వెలువడ్డాక ఓటు నమోదుకు దరఖాస్తు చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఈ ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్లు నిండాయి. మా నియోజకవర్గంలో జూన్‌లో జరిగే ఉప ఎన్నికకు షెడ్యూలు వచ్చింది. నామినేషన్ల గడువుకు ఇంకా పదహారు రోజులుంది. ఫారం-6 ఇవ్వబోతే, షెడ్యూలు వచ్చాక తీసుకోకూడదని బూత్ స్థాయి అధికారి అంటున్నారు. ఇది సరైనదేనా? - ఒక పాఠకురాలు

జవాబు: సరైనది కాదమ్మా. షెడ్యూలు ప్రకటనతో ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుందే తప్ప ఓటరు నమోదు ఆగిపోదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 23(3) సెక్షను ప్రకారం, నామినేషన్ల దాఖలుకు చివరి తేదీ దాటినప్పటి నుంచి ఆ ఎన్నిక పూర్తయ్యే వరకు, ఆ నియోజకవర్గపు జాబితాలో పేరు చేర్చాలని ఉత్తర్వు ఇవ్వకూడదు. అంటే నిషేధం ఉత్తర్వు మీదే గాని, దరఖాస్తు తీసుకోవడం మీద కాదు.

అలాగని చివరి రోజు దాకా ఆగితే ఈసారి ఓటు దక్కదు. 1960 నాటి ఓటర్ల నమోదు నిబంధనల మేరకు, అందిన దరఖాస్తు ప్రతిని నమోదు అధికారి తన కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించి, అభ్యంతరాలకు ఏడు రోజులు గడువిచ్చి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోవాలి. అందుకే నామినేషన్ల గడువుకు పది రోజుల ముందు వరకు అందిన దరఖాస్తులనే ఆ ఎన్నికకు పరిశీలిస్తారు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో నామినేషన్లకు నవంబరు 10 చివరి తేదీ కాగా, దరఖాస్తులను అక్టోబరు 31 వరకే తీసుకున్నారు. ఆ లెక్కన మీ చేతిలో ఉన్నవి ఆరు రోజులే. నామినేషన్ల గడువు దాటాక చేర్చిన పేర్లు చెల్లవని, ఆ ఓట్లు కూడా చెల్లవని బైద్యనాథ్ పంజియార్ కేసులో సుప్రీంకోర్టు 1969లోనే తేల్చి చెప్పింది. కాబట్టి ఆపై ఎవరి సిఫారసూ పనికిరాదు.

వయసు గురించి దిగులు వద్దు. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలన్నీ అర్హతా తేదీలే (అంటే ఆ రోజుకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి) కనుక, మీ అమ్మాయికి ఏప్రిల్ 1 వర్తిస్తుంది.

ఇవాళే ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఫారం-6 నింపి, పుట్టిన తేదీ, నివాసం ధ్రువీకరణలు జతచేసి, తెరపై వచ్చే రిఫరెన్సు నంబరు రాసిపెట్టుకోండి. కాగితం మీద ఇవ్వదలిస్తే నేరుగా నమోదు అధికారి కార్యాలయంలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. తిరస్కరిస్తే పదిహేను రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేయవచ్చు. అయితే ఆ ఉత్తర్వు కూడా నామినేషన్ల గడువులోపు వస్తేనే ఈ ఎన్నికలో ఓటు వేయగలదు.