పాఠం చెప్పేవారికి రాజకీయం ఎందుకంటారా?

ప్రశ్న: మాస్టారూ, నేను ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. ఈసారి సర్పంచి పదవికి నిలబడమని ఊళ్లో అడుగుతున్నారు. పాఠం చెప్పుకునేదానికి రాజకీయాలెందుకని ఇంట్లో కోప్పడుతున్నారు. ఆచార్య రంగా గారు ఒకప్పుడు మన ఎంపీ అని తాతయ్య అంటారు. గుంటూరు జిల్లా మనిషి ఇక్కడెలా గెలిచారు?
– ఒక పాఠకురాలు, సోంపేట మండలం

జవాబు: తాతయ్య చెప్పింది నిజమేనమ్మా. 1900లో నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. 1930లో కేంద్ర శాసనసభకు వెళ్లారు. సొంత ఊరిలో రైతుల కోసం విద్యాలయం పెట్టి, పొలం పనులు చేసేవారికి రాజకీయ పాఠాలు చెప్పించారు.

1967లో ఆయన చిత్తూరులో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో మన బారువ బిడ్డ గౌతు లచ్చన్న సోంపేట శాసనసభ స్థానం, శ్రీకాకుళం లోక్‌సభ స్థానం రెండూ గెలిచారు. ఒకటి వదులుకోక తప్పదు. ఢిల్లీ సీటు వదిలేసి, ఉప ఎన్నికలో తన రాజకీయ గురువు రంగాగారిని నిలబెట్టి గెలిపించుకున్నారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. 1971లో బొడ్డేపల్లి రాజగోపాలరావు ఈ స్థానం గెలుచుకున్నారు.

రంగా చేసినవన్నీ నాకు నచ్చవు. జమీందార్లపై రైతులను కూడగట్టిన మనిషి, 1959లో రాజాజీతో కలిసి స్థాపించిన స్వతంత్ర పార్టీలో మాజీ సంస్థానాధీశుల సరసన కూర్చోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. అప్పటి కాంగ్రెస్ తలపెట్టిన ఉమ్మడి సేద్యం పేరుతో రైతు చేతిలోంచి భూమి జారిపోతుందన్న ఆయన భయం మాత్రం అర్థమవుతుంది.

నేనూ ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రమే చెప్పాను. ఒకరోజు ఎకరా వరి సాగు ఖర్చు బోర్డు మీద వేస్తున్నాను: విత్తనం, దుక్కి, ఎరువు, నాట్ల కూలి, కోత కూలి. చివరి బల్ల మీది కుర్రాడు లేచి, "మాస్టారూ, మా అమ్మ పీకిన కలుపు ఏ వరసలో వస్తుంది?" అన్నాడు. చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయాను. ఇంటివాళ్ల కష్టానికి కూలి కట్టకుండా లాభం తేల్చేశాను మరి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి లెక్క మళ్లీ వేస్తే, మిగులు దాదాపు ఆవిరైపోయింది. మద్దతు ధర నిర్ణయించేటప్పుడు ఇంటి చాకిరీని కూడా ఖర్చులో కలపాలన్న వాదన నాకు పుస్తకాల్లో కంటే ఆ కుర్రాడి నోటనే బాగా ఎక్కింది.

అందుకే మీరు నిలబడాలనే నేనంటాను. ఖర్చు రాయడం, రాసింది సరిచూడడం మీకు చేతనైన విద్య. ఇంట్లో వాళ్లతో వాదన పెట్టుకోకండి. ముందు మీ పంచాయతీ జమాఖర్చుల వివరాలు సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. నీటి పన్ను ఎంత వసూలైందో, మోటారు మరమ్మతుకు ఎంత రాశారో చూడండి. ఆ కాగితాలు తాతయ్య ముందు పరిచి చదివి వినిపించండి. ఆయన ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి.