నోటీసు పదమూడు నెలలకొచ్చింది, మీరు మళ్లీ షేర్ కొట్టకండి

ప్రశ్న: మాది కరీంనగర్. చిన్న వెబ్ ఛానల్‌లో రిపోర్టర్‌ని, నాలుగేళ్లుగా గృహహింస మీద స్టోరీలు చేస్తున్నా. భర్త కొడుతున్నాడని ఒకావిడ వాట్సాప్‌లో వాయిస్‌లు పంపితే 2025 జనవరి 9న ఆయన పేరు, ఫోటోతో రాశాను. ఇప్పుడు వాళ్లు రాజీ పడ్డారు, ఆవిడ నేనేం చెప్పలేదంటోంది. పది లక్షలు కట్టకపోతే పరువునష్టం కింద సివిల్, క్రిమినల్ రెండూ వేస్తామని 2026 ఫిబ్రవరి 16న ఆయన లాయర్ నోటీసు పంపాడు. ఆ వాయిస్‌లు బయటపెట్టి స్టోరీ మళ్లీ షేర్ చేద్దామనుకుంటున్నా. గృహహింస చట్టం నన్ను కాపాడదా?

జవాబు: అమ్మా, నాలుగు పేజీల్లో మీ పోరాటం గురించి రాశారు, నాకు పనికొచ్చినవి పైన ఉన్న రెండు తేదీలే. పరువు పోయిందని డబ్బులడిగే దావా, ప్రచురించిన రోజు నుంచి ఏడాదిలోపు వెయ్యాలి, లిమిటేషన్ చట్టం 75వ ఆర్టికల్. ఆ గడువు జనవరిలోనే అయిపోయింది, నోటీసు ఇచ్చినంత మాత్రాన పెరగదు. స్టోరీ ఇంకా నెట్‌లో ఉంది కదా, రోజూ కొత్తగా వేసినట్టే అని వాళ్లు వాదిస్తారు, మొదట పెట్టిన రోజునుంచే లెక్క అని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, మన కోర్టులు దానికి కట్టుబడక్కర్లేదు గానీ చూపించడానికి పనికొస్తుంది. గడువులోపే దావా వేసేశారేమో, కోర్టు కేసులు కనిపించే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరు కొట్టి చూసుకోండి.

ఇప్పుడు మీరు మళ్లీ షేర్ చేశారనుకోండి, అది కొత్త ప్రచురణ, చచ్చిన దావాకి మీరే ప్రాణం పోసినట్టు. వాయిస్‌లు పెడితే ఇంకా ఘోరం, ఆవిడ ఇప్పుడు అదే ఇంట్లో ఉంటోంది, తన్నులు తినేది ఎవరు? వద్దంటే వద్దు. స్టోరీని డిలీట్ కూడా చెయ్యకండి, ఎడిట్ కూడా చెయ్యకండి.

క్రిమినల్ వైపు మాత్రం గడువుంది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 356వ సెక్షన్, రెండేళ్ల వరకు శిక్ష, మూడేళ్ల గడువు, అంటే 2028 జనవరి దాకా ఆయన మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లయింట్ వెయ్యొచ్చు. విచారణకి తీసుకునే ముందు మీ వాదన వినాలి, క్రిమినల్ కేసులు నడిపే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఆ వీలుంది. అక్కడ రాసింది నిజమని, జనం మేలుకే రాశానని మీరే చూపించాలి. గృహహింస చట్టం 4వ సెక్షన్ కాపాడేది ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి సమాచారమిచ్చిన వాళ్లని, వార్త రాసినవాళ్లని కాదు.

ఇక మీ నిర్లక్ష్యం. వాయిస్‌లు వచ్చిన మీ ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశానని తాపీగా రాశారు, పేరూ ఫోటో వేసే ముందు భర్తకి ఒక్క ఫోన్ కొట్టలేదు. జాగ్రత్త తీసుకున్నాను అని రేపు ఏ మొహంతో చెప్తారు? అదృష్టం, వాయిస్‌లు మీ ఎడిటర్‌కి ఫార్వర్డ్ చేశారు. ఎడిటర్ తన ఫోన్ రీసెట్ చెయ్యకుండా, అమ్మకుండా ఉంచమనండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే ఆడియో కోర్టులో నిలవదు, అందులో ఒక భాగం మీ ఎడిటర్, ఇంకో భాగం నిపుణుడు నింపాలి.

ఆవిడ అప్పట్లో హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికో, గవర్నమెంట్ హాస్పిటల్‌కో వెళ్లిందా? వెళ్లుంటే ఆ రికార్డు కోర్టు ద్వారా తెప్పించొచ్చు, రేపు ఆవిడ అడ్డం తిరిగినా కాగితం తిరగదు. ఆవిడ చేత పాత తేదీతో సంతకం పెట్టించుకోవాలని మాత్రం చూడకండి, అది వేరే కేసు అవుతుంది. లాయర్ చేత నోటీసుకి జవాబు ఇప్పించండి, రెండు పేరాలు చాలు, గడువు దాటిందని ఒకటి, ఆరోపణలు ఒప్పుకోవట్లేదని ఇంకొకటి, వాయిస్‌ల మాట అందులో ఎత్తకండి.