డిస్క్ పెంచబోయే ముందు

చి. శ్రీనుకి, బాబాయి ఆశీస్సులు.

డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండిందనీ, శనివారం రాత్రి పెంచుతున్నాననీ రాశావు. ముందు అది నిజంగా నిండిందో లేదో చూడు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే 'డీఎఫ్' కమాండ్ వంద శాతం చూపిస్తూ, ఫైళ్ల సైజులు కూడే 'డీయూ' లెక్క అంత రాకపోతే, చెరిపేసిన లాగ్ ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉన్నట్టు. ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చోటు దానంతటదే వస్తుంది. చోటున్నా కొత్త ఫైల్ పుట్టడం లేదంటే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కీ ఒకటి చొప్పున కావాల్సిన నమోదు గళ్లు) అయిపోయాయేమో, 'డీఎఫ్ మైనస్ ఐ' కొట్టి చూడు. ఇంత పట్టింపు ఎందుకంటే, మన వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిచే వీఎంవేర్‌లో ఒకసారి పెంచిన వీఎండీకే, అంటే వీఎం డిస్క్ ఫైల్, మళ్లీ చిన్నదవదు. లోపలి లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే దాన్ని కుదించే దారీ లేనట్టే.

నిజంగానే నిండిందా, అయితే కింది నుంచి పైకి రా. మొదట డేటాస్టోర్, అంటే వీఎంల డిస్క్ ఫైళ్లుండే ఉమ్మడి నిల్వ. డిస్కులు థిన్ (వాడినకొద్దీ చోటు తీసుకునేవి) అయితే 'ఫ్రీ' అంకె చూసి మురిసిపోకు, వీఎంలకి మాటిచ్చిన మొత్తం చెప్పే 'ప్రొవిజన్డ్' అంకె చూడు. నాలుగు టీబీల డేటాస్టోర్ మీద ఏడు టీబీలు పంచేసి ఉండొచ్చు. అది నిండిన రోజున, కొత్త బ్లాక్ అడిగిన ప్రతి వీఎం ఉన్నచోటే ఆగిపోతుంది. వీఎంవేర్‌ని నిర్వహించే వీసెంటర్‌లో అలారం మామూలుగా 75 శాతానికి పసుపు, 85కి ఎరుపు చూపిస్తుంది. పసుపులో ఉండగానే కదులు. డేటాస్టోర్ పెంచాల్సి వస్తే స్టోరేజ్ వాళ్లతో అదే లన్ (స్టోరేజ్ నుంచి కేటాయించిన డిస్క్ ముక్క) పెంచించు, వీఎంలు నడిపే హోస్టులన్నిటిలో రీస్కాన్ చేయి. ఇంకో లన్ తెచ్చి ఎక్స్‌టెంట్‌గా (అదే డేటాస్టోర్‌కి అదనపు ముక్కగా) అతికించొద్దు, రెండింట్లో ఏది పోయినా తిప్పలే.

తర్వాత వీఎం సెట్టింగ్స్. డిస్క్ సైజు గడి బూడిద రంగులో ఉండి అంకె మార్చనివ్వకపోతే స్నాప్‌షాట్ (ఒక క్షణంలో వీఎం స్థితిని పట్టి ఉంచినది) ఉందన్నమాట, చాలాసార్లు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వదిలేసిపోయినదే. దాన్ని తీసెయ్యాలి; పాతదీ పెద్దదీ అయితే అసలు డిస్క్‌లో కలవడానికి గంటలు పడుతుంది, ఆసేపు డేటాబేస్ ఈడుస్తుంది. కాబట్టి శుక్రవారం రాత్రే ఆ పని కానిచ్చెయ్. 'ధైర్యానికి ఒక స్నాప్‌షాట్ తీసుకుని పెంచుతా' అన్నావే, అది ఇందుకే కుదరదు. బ్యాకప్ తీసుకో, అందులోంచి ఒక ఫైల్ రీస్టోర్ చేసి కూడా చూసుకో.

ఇక లైనక్స్ లోపల. పెరిగిన సైజు, డిస్కుల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే'లో కనబడకపోతే ఆ డిస్క్ తాలూకు 'రీస్కాన్' ఫైల్‌లోకి 1 ఎకో చేయి, రీబూట్ అక్కర్లేదు. పార్టిషన్‌ని పెంచే 'గ్రోపార్ట్'కి డిస్క్ పేరు, ఒక స్పేస్, పార్టిషన్ నంబరు ఇవ్వాలి. తర్వాత పీవీని (ఎల్‌వీఎం వాడే భౌతిక డిస్క్ భాగం) పెంచే 'పీవీరీసైజ్'కి ఆ రెండూ కలిపి రాయాలి. అందరూ తడబడేది ఇక్కడే. ఆపైన ఎల్వీని (ఫైల్‌సిస్టమ్ ఉండే లాజికల్ వాల్యూమ్) పెంచే 'ఎల్వీఎక్స్‌టెండ్', ఫైల్‌సిస్టమ్‌ని కూడా పెంచే మైనస్ ఆర్‌తో. ఆ ఆర్ మరిచిపోతే ఎల్వీ పెరుగుతుంది, 'డీఎఫ్' మాత్రం పాత అంకే చూపిస్తుంది. కంగారుపడి మళ్లీ పెంచకు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే మౌంట్ పాయింట్ ఇచ్చి 'ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్', ఈఎక్స్‌టీ4 అయితే ఎల్వీ పేరిచ్చి 'రీసైజ్‌టూఎఫ్‌ఎస్' కొడితే సరిపోతుంది. వచ్చిన చోటంతా ఒకే ఎల్వీకి ధారపోయకు, వీజీలో (ఎల్వీలు చోటు తీసుకునే ఉమ్మడి గుంపు) కొంత మిగుల్చు. ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి డిస్క్ అయితే రెండు టీబీలు దాటాక ఎంత పెంచినా పార్టిషన్‌కి అందదు, ఆ సంగతి ముందే చూసుకో.

ఇకమీదట డేటాకి వేరే డిస్క్ ఇచ్చి, పార్టిషన్ చేయకుండా డిస్క్ మొత్తాన్నే పీవీగా పెట్టు. గ్రోపార్ట్ గొడవే ఉండదు.

విండోస్ వీఎంలలో సీ డ్రైవ్ 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' వెలగకపోతే, దాని వెనకాలే కూర్చున్న రికవరీ పార్టిషన్ అడ్డం. దాన్ని తీసే ముందు 'రీఏజెంట్‌సీ' కమాండ్‌తో రికవరీని డిసేబుల్ చేయడం మరవకు.

మీ బాబాయి