తూటా కేసును ఎన్నిసార్లు నమ్మొచ్చు?

ప్రశ్న: సుబేదార్ గారూ, మా అబ్బాయి ఉద్యోగరీత్యా టెక్సాస్‌లో ఉంటున్నాడు. ఆదివారాలు రైఫిల్ రేంజ్‌కి వెళ్తాడు. కాల్చేసిన పాయింట్ 308 రైఫిల్ తూటాల ఇత్తడి కేసుల్లో మళ్లీ మందు, ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), గుండు పెట్టుకుని తనే తూటాలు తయారు చేసుకుంటున్నాడు. ఒక్కో కేసు ఇప్పటికే ఏడుసార్లు వాడాడట. వీడియో కాల్‌లో అది చూసినప్పటి నుంచి వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. ఒక కేసును ఎన్నిసార్ల వరకు నమ్మొచ్చు?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇన్నిసార్లని గీత గీసి చెప్పే అంకె లేదండి. మందు తగుమాత్రంగా వేసుకుంటే పదిసార్లు దాటినా నిలిచే కేసులున్నాయి. దట్టించి కాలిస్తే నాలుగైదుసార్లకే పోయేవీ ఉన్నాయి. మీరు అబ్బాయిని అడగాల్సిన మాట ఒకటుంది: కేసు అడుగు లోపల తడిమి చూస్తున్నావా అని. ఎందుకో చెబుతాను.

మాది సారవకోట మండలం బుడితి. ఇత్తడి పని చేసే ఇంట్లో పుట్టాను. నాన్న సుత్తితో కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కేది. కొలిమిలో ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మళ్లీ మెత్తబడేది. ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేరాక ఖోకాలోనూ అదే గుణం చూశాను. ఖాళీ కేసును మేం ఖోకా అనేవాళ్లం. అందులో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. పేలినప్పుడు ఉబ్బుతుంది, డై అనే ఉక్కు అచ్చులో పెట్టి నొక్కితే తగ్గుతుంది. ప్రతిసారీ సుత్తి దెబ్బ తిన్నట్టే.

ముందు బిరుసెక్కేది గుండును పట్టుకునే మెడ. అక్కడ సన్నటి నిలువు చీలిక కనిపిస్తే ఆ కేసు పారేయాలి. అయితే దానివల్ల పెద్ద ప్రమాదం ఉండదు. మెడను వేడి చేసి మెత్తబరిస్తే, దాన్నే ఎనీలింగ్ అంటారు, ఆయుష్షు పెరుగుతుంది. ఆ వేడి కిందికి దిగకూడదు. అడుగు బిరుసుగానే ఉండాలి. అది మెత్తబడిన కేసును మళ్లీ తుపాకీలో పెట్టి పేల్చనే పేల్చకూడదు.

అసలు భయం అడుగు దగ్గరే. పాయింట్ 308లో ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా పోవచ్చు. పేలిన క్షణంలో కేసు ముందు గోడలు చాంబర్‌ని, అంటే తుపాకీలో తూటా కూర్చునే గదిని పట్టుకుంటాయి, అడుగు వెనక్కి జరిగి ఆ గదిని వెనక నుంచి మూసే బోల్టుకి తగులుతుంది. ఆ కాస్త సందులో ఇత్తడి సాగుతుంది. సాగేది మందపాటి అడుగు ముగిసి పల్చటి గోడ మొదలయ్యే చోట. మెడ కింద ఏటవాలుగా ఉండే భుజాన్ని డైతో మరీ వెనక్కి నొక్కేవాళ్లకి ఇది ప్రతిసారీ జరుగుతుంది, నాలుగు రౌండ్లకే అక్కడ గోడ కాగితమైపోతుంది. భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు వెనక్కి నెడితే చాలు.

నా సర్వీసులో ఒకసారి పాత పాయింట్ 303 రైఫిల్‌తో కాలుస్తున్న జవాను బోల్టు లాగితే కేసు అడుగు మాత్రమే బయటికొచ్చింది. మిగతా గొట్టం చాంబర్లోనే ఉండిపోయింది. గ్యాస్ వెనక్కి తన్ని అతని చెంప నల్లబడింది, కళ్లు దక్కాయి. విరిగిన ముక్కను ఎక్స్‌ట్రాక్టర్‌తో లాగి అరచేతిలో పెట్టుకుని చూశాను. తెగిన అంచు రేకు కత్తిరించినట్టు పల్చగా ఉంది. కళ్లను కాపాడే రక్షణ అద్దాలు లేకుండా మీ అబ్బాయిని రేంజ్‌లో అడుగు పెట్టనివ్వకండి.

ఆ జాగాను కనిపెట్టడం తేలికే. పేపర్ క్లిప్పు సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపలికి దించి అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగాలి. గాడిలో పడ్డట్టు టక్కున ఆగితే ఆ కేసు పని అయిపోయింది. కొన్నిసార్లు బయట కూడా అడుగుకి కాస్త పైన మెరిసే ఉంగరంలా గీత కనిపిస్తుంది. ప్రైమర్ వేలితో నొక్కితేనే దిగిపోతున్నా పారేయాల్సిందే. కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే మెడ ముందుకెళ్లి గుండును బిగించేస్తుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

తోమడం సంగతి కూడా చెప్పాలి. మా పెద్దమ్మ బజారులో కొన్న పాలచెంబును పశువులశాల గూట్లో పెట్టేది. ఒక వానాకాలం దాని మెడ దానంతటదే చిట్లిపోయింది. బ్రిటిషు కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలూ వానలు పడగానే ఇలాగే పగిలేవి. మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ, ఇత్తడిలో బిగిసి ఉన్న ఒత్తిడి కలిసి చేసే పని ఇదని 1921లో తేల్చారు. అందుకని అమోనియా ఉన్న పాలిష్ వాడొద్దని అబ్బాయికి చెప్పండి. పులుపులో గంటల తరబడి నానబెట్టినా జింకు కరిగిపోయి ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది.

ఇది చదివి ఇక్కడెవరైనా ప్రయత్నించేరు, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

అమ్మగారి టెన్షన్ తీరాలంటే ఒక పని చేయించండి. ఏడుసార్లు కాల్చిన వాటిలో ఒక ఖాళీ కేసును ప్రైమర్ తీసేసి, వైస్‌లో పట్టి, రంపంతో నిలువునా కోసి ఫోటో పంపమనండి. గోడ లోపలి వైపు సాఫీగా దిగితే మిగతావాటిని క్లిప్పుతో ఒక్కొక్కటిగా తడిమి వాడుకోవచ్చు. గాడి కనిపించిందా, ఆ పెట్టెలోవన్నీ ప్లయర్‌తో నొక్కేసి తుక్కులో వేయమనండి.