చిత్తడిలో అరుదైన తుంగ కనిపిస్తే చుట్టూ కంచె వేసి వదిలేస్తే సరిపోతుందా?

సరిపోదండీ. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను, మనిషి అడుగు పెట్టకపోతే చాలు, మొక్క దానంతటదే బతికేస్తుందని. అమెరికాలో నార్త్ కరోలినాలో ఉన్నప్పుడు మొక్కల లెక్కింపుకి వాలంటీరుగా వెళ్లాకే అసలు సంగతి తెలిసింది.

అక్కడ గోల్డెన్ సెడ్జ్ అనే తుంగ ఉంది, శాస్త్రీయ నామం కేరెక్స్ లూటియా. 1991లో కంటపడింది, 1994లో పేరు పెట్టారు, 2002లో ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. పెండర్, ఆన్‌స్లో అనే రెండు కౌంటీల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎందుకంటే దానికి పట్టింపులెక్కువ. చుట్టూ ఉన్న పైన్ నేలలు ఆమ్లగుణం ఉన్నవి. పైపొర కింద సున్నపురాయి ఉండి ఆ గుణం తగ్గిన చోటే ఇది మొలుస్తుంది. అదీ పైన్ చెట్ల మైదానానికీ చిత్తడి అడవికీ మధ్యనుండే సన్నటి అంచులో.

మొదటిసారి జులైలో వెళ్లాను. కాండాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పితే మూడంచులు తగిలాయి. దొరికేసిందని సంబరపడ్డాను! మా గైడ్ నవ్వి, మూడంచుల తుంగలు ఆ చిత్తడిలో బోలెడున్నాయన్నాడు. మరుసటి ఏడు మే నెలలో వెళ్తే గుర్తుపట్టడం తేలికైంది. బఠాణీ కంటే కాస్త పెద్దవైన గుండ్రటి పసుపు కంకులు, భూతద్దంలో చూస్తే గింజ సంచులకి బయటికి వంగిన ముక్కులు, అడుగున ఉన్నవాటికైతే కిందికే వంగి ఉన్నాయి. పైన విడిగా ఒక సన్నటి మగ కంకి.

నన్ను ఆశ్చర్యపరిచింది నిప్పు. ఆ మైదానాలు అప్పుడప్పుడూ తగలబడుతూ ఉండాలి. చాలా ఏళ్లు నిప్పు పడని ఒక చోట పొదలు నడుమెత్తు పెరిగిపోయాయి. వాటి నీడలో వెతికితే ఒక్క కంకీ కనబడలేదు. అక్కడ కంచె వేసి ఏం లాభం? అందుకే మంటని అదుపులో పెట్టి, నిపుణులే దగ్గరుండి తగలబెడతారు.

అలాగని మీరు చూసిన చోట నిప్పు పెట్టేయకండి బాబూ, ప్రతి చిత్తడికీ ఆ మందు పనిచేయదు. ముందు దగ్గర్లో కొత్తగా కాలువేమైనా తవ్వారేమో చూడండి. నీటిమట్టం పడిపోతే ఏ కంచే ఆపలేదు. మొక్కను పీకి ఇంటికి తెచ్చుకోవద్దు, ఆ నేలా నీరూ కుండీలో రావు. కంకి ఉన్నప్పుడు పక్కన నాణెం పెట్టి ఫొటో తీసి, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకి పంపండి. కంకి లేని ఫొటో చూసి తుంగ రకం చెప్పమంటే మాత్రం వాళ్లకీ కష్టమే.