మిల్లు రేకులు ఎందుకు మిలమిలలాడుతున్నాయి?

ప్రశ్న: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మా ఊరు కనబడాలని రైస్ మిల్లులు, బస్టాండ్ దగ్గరి బిల్డింగులు ఒక్కొక్కటే తయారుచేస్తున్నాను సార్. ఫోన్‌తో తీసిన ఫొటోలే గోడలకు అతికించాను. పైనుంచి చూస్తే రేకుల షెడ్లు మిలమిలలాడుతున్నాయి, కంప్యూటర్ స్లో అవుతోంది, అన్నిటికీ మించి అది మా ఊరిలా అనిపించడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రేకు మీద గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, దూరం నుంచి చూసినప్పుడు స్క్రీన్ మీద ఒక్క పిక్సెల్‌లోనే నాలుగైదు గీతలు పడతాయి, అందులో ఏది చూపాలన్నది విమానం కదిలిన ప్రతిసారీ మారిపోతుంది. మిలమిల అంటే అదే. ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను డీడీఎస్ అనే ఫైలు రకంగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మిప్‌మ్యాప్‌లు కూడా తయారుచేయమనండి. అదే బొమ్మ సగం, అందులో సగం సైజుల్లో ఫైలులోనే ఉంటుంది, దూరానికి తగ్గది సిమ్యులేటరే వాడుకుంటుంది.

స్లో సంగతి: 4096 పిక్సెళ్ల చదరపు బొమ్మ కంప్రెస్ చేయకపోతే గ్రాఫిక్స్ కార్డులో 64 ఎంబీ తింటుంది, డీఎక్స్‌టీ1 అనే కంప్రెషన్‌లో 8 ఎంబీ చాలు. మిల్లుకో ఫైలు పెట్టకుండా గోడలు, షట్టర్లు, రేకులు అన్నీ ఒకే 2048 పిక్సెళ్ల చదరపు బొమ్మలో సర్దండి.

ఇక అసలు విషయం. మీరు కష్టమంతా గోడల మీద పెట్టారు, కానీ పైలట్‌కు ముందు కనబడేది కప్పు. మన ఊళ్లను పైనుంచి గుర్తుపట్టించేవి పిట్టగోడలు, నల్ల నీళ్ల ట్యాంకులు, మెట్ల గది, పై అంతస్తు ఎప్పుడో వేద్దామని వదిలేసిన చువ్వలు, వాన నీళ్లు నిలిచి నల్లబడ్డ స్లాబ్ మూలలు. మిల్లు షెడ్డు మీద కూడా రేకులన్నీ ఒకే రంగులో ఉండవు, మార్చిన కొత్త రేకు తెల్లగా, పక్కనే పాతది తుప్పు పట్టి ఉంటుంది, అది తప్పకుండా చూపించండి. తెలిసినవాళ్ల డాబా ఎక్కి, అడిగి, ఫొటోలు తీసుకోండి.

ఎండలో మాత్రం తీయొద్దు. సజ్జ నీడ ఫొటోలో అతుక్కుపోతే, సిమ్యులేటర్‌లో సూర్యుడు అవతలి వైపు ఉన్నా ఆ నీడ అక్కడే ఉంటుంది, బిల్డింగ్ మొత్తం అబద్ధంలా కనబడుతుంది. ముసురు పట్టిన రోజు, గోడకు ఎదురుగా నిలబడి తీయండి. కరెంటు తీగలు, బండ్లు, ఫ్లెక్సీల మీది ఫోన్ నంబర్లు జింప్‌లోని క్లోన్ టూల్‌తో, అంటే పక్క గోడ ముక్కను కాపీ చేసి పైన అద్ది, తుడిచేయండి, షాపు బోర్డుల రంగులు మాత్రం ఉంచండి, బజారుకు కళ వాటితోనే.

రాత్రికి వేరే బొమ్మ కావాలి, వెలిగే కిటికీలు, షట్టర్లు తప్ప మిగతాదంతా నలుపు. మన షాపుల్లో తెల్ల లైట్లే ఎక్కువ, అన్నిటికీ పసుపు వేయకండి.