ముసలి కుక్కల రక్తం కూడా పంపు

చిరంజీవి సుబ్బుకి ఆశీస్సులు.

నువ్వు పెంచే జాతి కుక్కల్లో వచ్చే గుండెజబ్బు మీద జన్యు పరిశోధనకి సాయపడదామని, చందాలు ఎంత పోగుచెయ్యాలని అడిగావు. డబ్బు మాట చివర్లో చూద్దాం. పరిశోధకులకి ముందు కరువయ్యేది నమూనాలు, వాటి వెంట రావాల్సిన నిజమైన వివరాలు.

అందరూ జబ్బు కుక్కల రక్తమే పంపుతారు. పోల్చడానికి అదే జాతిలో జబ్బు లేనివీ కావాలి కదా. అవి కుర్రవైతే ప్రయోజనం లేదు. నాలుగో ఏట దిట్టంగా ఉన్నదానికి ఏడో ఏట జబ్బు బయటపడొచ్చు. ఈలోగా అది ఆరోగ్యమైన వాటి జాబితాలో కూర్చుని లెక్కంతా చెడగొడుతుంది. కాబట్టి బాగా వయసు మళ్లి, ఎకో పరీక్షలో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) గుండె బాగుందని తేలిన వాటిని వెతుకు. ఎన్నేళ్లు దాటాలో పరిశోధకుల్నే అడుగు. జబ్బు కుక్క తోబుట్టువుల్ని వాళ్లు అడిగితే తప్ప ఈ లెక్కలో కలపకు.

రక్తం పశువైద్యుడి చేతే తీయించు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం అందులో ఉంటుంది) పెద్ద కుక్కకి 3 నుంచి 5 మిల్లీలీటర్లు చాలు. తీసిన వెంటనే ట్యూబుని ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చెయ్యాలి. కలపకపోతే గడ్డకడుతుంది, గిలకొడితే కణాలు పగులుతాయి. కుక్క పేరు, దాని చర్మం కింద పెట్టిన గుర్తింపు మైక్రోచిప్ నంబరు, తేదీ ట్యూబు మీదే రాయి. మూత మీద రాస్తే, మూతలు మారిననాడు కుక్కలూ మారిపోతాయి! ఫ్రిజ్‌లో పెట్టు, ఫ్రీజర్‌లో వద్దు. వారం మొదట్లోనే పంపితే సెలవుల్లో ఎక్కడా పడి ఉండదు.

రక్తానికి బదులు బుగ్గ లోపల స్వాబ్ (దూదిపుల్లతో రుద్ది తీసే నమూనా) తీసేటట్టయితే గంట ముందు నుంచి తిండి పెట్టకు. తీశాక గాలికి ఆరనివ్వు, తడిగా మూసేస్తే బూజు పడుతుంది. పాలు తాగే పిల్లల్ని ముందే తల్లి నుంచి వేరుచెయ్యకపోతే తల్లి కణాలు కూడా వస్తాయి. ఒక్క జన్యువు పరీక్షకి స్వాబ్ సరిపోతుంది. మొత్తం జన్యుక్రమం చదవాలంటే మాత్రం రక్తమే మేలు, స్వాబ్‌లో నోటి బాక్టీరియా డీఎన్ఏ కూడా కలిసుంటుంది.

"గుండెజబ్బు" అని ఒక్క మాట రాసి పంపితే ఎవరికీ అక్కరకు రాదు. ఎకో రిపోర్టు, జబ్బు తెలిసిన వయసు, వాడుతున్న మందులు, వంశావళి జతచెయ్యి. ఇవాళ బాగున్న కుక్క రేపు జబ్బుపడితే ఆ కబురూ చేరాలి.

అసలు చిక్కు వేరే ఉంది. తన దగ్గర పుట్టిన కుక్కకి జబ్బుందని తెలిస్తే పిల్లలు అమ్ముడుపోవని పెంపకందారుడు దాచేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. నమూనా, వివరాలు యజమాని నుంచి సూటిగా ల్యాబ్‌కే వెళ్లాలి, మీ పెంపకందారుల సంఘం కంట పడకూడదు. పేర్లు బయటికి రావని ల్యాబ్ దగ్గర రాతపూర్వకంగా తీసుకో.

రేపు జబ్బు తెచ్చే జన్యుదోషం దొరికి, అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటేనే జబ్బు తెచ్చే రకమైతే, ఒక్క ప్రతి మోసే కుక్కలన్నిటినీ సంతానానికి పనికిరావని తోసెయ్యకండి. అలాంటిదాన్ని ఆ జన్యుదోషం లేనిదానితో కలిపితే ఆ జబ్బుతో పిల్ల పుట్టదు, సగటున సగం పిల్లలు మాత్రం దాన్ని మోస్తాయి. అన్నిటినీ ఒకేసారి తీసేస్తే జాతిలో వైవిధ్యం కుంచించుకుపోయి ఇంకో జబ్బు తలెత్తొచ్చు.

ఇక చందా. ఆరోగ్యంగా ఉన్న ముసలి కుక్కకి సొంత డబ్బుతో ఎకో తీయించేవాళ్లు అరుదు. పోగైనదాన్ని ముందు ఆ ఫీజులకీ, ఆ తర్వాత కొరియర్ ఖర్చులకీ వాడు.

ఇట్లు,
మీ పెదనాన్న